పాత కారుపై వడగళ్ల దెబ్బ: బాగు చేయించడమా, ‘టోటల్’కు వదిలేయడమా?

ఉత్తర టెక్సాస్‌లో మార్చి నుంచి జూన్ దాకా వడగళ్ల కాలం. మధ్యాహ్నం తిరిగేసరికి మబ్బు కమ్మి ఫోన్లలో హెచ్చరికలు మోగడం మొదలైతే, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో ఉంటున్న తెలుగు కుటుంబాలు ముందుగా చేసే పని కొత్త కారును గరాజ్‌లోకి చేర్చడం. గరాజ్‌లో రెండు కార్లకే చోటుంటుంది కాబట్టి, అప్పు ఎప్పుడో తీరిపోయి, కాలేజీకి వెళ్లే పిల్లల చేతికో దగ్గరి ప్రయాణాలకో మిగిలిన పాత కారు వాకిట్లోనే ఉండిపోతుంది. పది నిమిషాల్లో వాన వెలుస్తుంది. కారు తాళం తిప్పగానే ఎప్పటిలాగే స్టార్ట్ అవుతుంది, బ్రేకులు పడతాయి, ఏసీ చల్లగా వస్తుంది, కానీ రూఫ్ మీద, హుడ్ మీద, ట్రంక్ మూత మీద లెక్కకు అందనన్ని సొట్టలు కనిపిస్తాయి. కొద్ది రోజుల తర్వాత బీమా కంపెనీ ఆ కారును ‘టోటల్’, అంటే పూర్తి నష్టం, అని తేల్చినట్టు కబురు చేస్తుంది. నిన్న ఆఫీసుకు తీసుకెళ్లిన కారు ఈరోజు లెక్కల్లో లేకుండా పోవడం ఎలా సాధ్యమన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

ఆ ప్రాంతానికి ఈ బెడద కొత్తది కాదు. 1995 మే 5న ఫోర్ట్‌వర్త్‌లో మేఫెస్ట్ ఉత్సవం జరుగుతుండగా సాఫ్ట్‌బాల్ అంత వడగళ్లు పడి, ఆరుబయట ఉన్నవారిలో వందమందికి పైగా గాయపడ్డారు. 2016 ఏప్రిల్ 11న డల్లాస్‌కు ఈశాన్యాన ఉన్న వైలీ పట్టణంలో ఇళ్ల కప్పులు చిల్లులు పడ్డాయి, ఆ మరునాడే శాన్ ఆంటోనియోలో పడిన వడగళ్లు వేల కార్లను దెబ్బతీసి వంద కోట్ల డాలర్లకు మించిన నష్టం మిగిల్చాయి. అమెరికా జాతీయ వాతావరణ విభాగం 2010 నుంచి అంగుళం వ్యాసం, అంటే క్వార్టర్ నాణెం అంత ఉన్న వడగళ్లను తీవ్రమైనవిగా లెక్కిస్తోంది. కారు యజమానికి ఈ కొలతతో నేరుగా పని ఉంది. అంగుళం దగ్గరి వడగళ్లు రేకుకు సొట్ట పెట్టి వదిలేస్తే, 1.75 అంగుళాల గోల్ఫ్ బంతి పరిమాణం దాటినవి అద్దాలను, వెనక లైట్లను, సన్‌రూఫ్‌ను కూడా పగలగొట్టే అవకాశం ఎక్కువ. సొట్ట పడిన కారుకూ అద్దం పగిలి లోపలికి నీరు చేరిన కారుకూ బీమా కాగితం మీద ఒకటే పేరు ఉన్నా, తీసుకోవలసిన నిర్ణయాలు మాత్రం వేరు.

‘టోటల్’ అనే మాట కారు నడకను గురించి ఏమీ చెప్పదు. అది ఒక తీసివేత లెక్క ఫలితం మాత్రమే. దెబ్బ తగలడానికి ముందు క్షణంలో ఆ కారుకు మార్కెట్‌లో ఉన్న ధర ఒక వైపు, దాన్ని పూర్వస్థితికి తేవడానికయ్యే ఖర్చు మరో వైపు ఉంటాయి. ఖర్చు ధరను ఎంత మేరకు చేరితే కారును సాల్వేజ్‌గా, అంటే బాగు చేయించడం గిట్టని దెబ్బతిన్న వాహనంగా, ప్రకటించాలన్నది ఒక్కో రాష్ట్రం ఒక్కో విధంగా నిర్ణయించుకుంది. టెక్సాస్‌లో ఆ హద్దు 100 శాతం, కాన్సస్‌లో 75 శాతం, పొరుగునే ఉన్న ఓక్లహోమాలో 60 శాతం, వీటిలో వాహనం వయసును బట్టి మినహాయింపులు కూడా ఉండవచ్చు. అయితే చట్టం హద్దు 100 శాతమైనంత మాత్రాన కంపెనీ అంతవరకు ఆగాలని లేదు. కారును తాను తీసేసుకుంటే వేలంలో ఎంత వస్తుందో కంపెనీకి ముందే అంచనా ఉంటుంది. మరమ్మతు ఖర్చుకు ఆ వేలం ధరను కలిపినప్పుడు మొత్తం కారు విలువను మించితే, బాగు చేయించడం కన్నా డబ్బిచ్చి వదిలించుకోవడమే దానికి లాభం. దానికి తోడు, మొదటి అంచనా వేశాక కారు విప్పి చూస్తే మరికొంత ఖర్చు బయటపడడం షెడ్డుల్లో మామూలే కాబట్టి, ఆ భయానికి కూడా కంపెనీ కొంత జాగా ఉంచుకుంటుంది. పాత కారు విలువ తక్కువ కావడం వల్లనే ఈ లెక్కలో తొందరగా ఓడిపోతుంది. అవే సొట్టలు రెండేళ్ల కారు మీద పడితే ఎవరూ టోటల్ అనే మాటే ఎత్తరు.

ఇక్కడ టెక్సాస్ చట్టంలో చాలామంది యజమానులకు తెలియని ఒక వెసులుబాటు ఉంది. రాష్ట్ర రవాణా చట్టంలోని 501వ అధ్యాయం, సాల్వేజ్ టైటిల్‌కు (సాల్వేజ్ ముద్ర పడిన యాజమాన్య పత్రానికి) దారితీసే ‘దెబ్బ’ అంటే ఏమిటో నిర్వచిస్తూ, కాలక్రమాన వచ్చే అరుగుదలను, పైరంగుకు మాత్రమే కలిగిన నష్టాన్ని, వడగళ్ల వల్ల హఠాత్తుగా కలిగిన నష్టాన్ని ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. అంటే కేవలం వడగళ్ల వల్ల బీమా కంపెనీ లెక్కలో టోటల్ అయిన కారు, ఆ ఒక్క కారణంతో సాల్వేజ్ టైటిల్‌లోకి మారనక్కరలేదు. వరదలో మునిగిన కారునూ, ఢీకొని చట్రం వంగిన కారునూ, పైరేకు సొట్టలు పడిన కారునూ ఒకే గాటన కట్టకూడదని చట్టసభ గుర్తించింది. ఇది న్యాయమైన విభజన. అయినా టైటిల్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన చరిత్ర చెరిగిపోదు. బీమా కంపెనీ టోటల్ చేసిన సంగతి వాహన చరిత్ర నివేదికల్లోకి ఎక్కవచ్చు, రేపు కొనేవారు దాన్ని చూసి ధర తగ్గించవచ్చు. వేరే రాష్ట్రానికి మారే ఆలోచన ఉన్నవారు అక్కడి నిబంధనను ముందే కనుక్కోవడం అవసరం.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కారు బీమా చేయించిన అనుభవంతో అమెరికా వచ్చినవారు పొరబడే చోటు ఇంకొకటి ఉంది. భారతదేశంలో పాలసీ రాసే రోజునే ఐడీవీ పేరుతో కారు విలువ అంకె రూపంలో కాగితం మీద ఉంటుంది. మరమ్మతు ఖర్చు ఆ అంకెలో 75 శాతం దాటితే కారును పూర్తి నష్టంగా పరిగణిస్తారు. అయిదేళ్లు దాటిన కారుకు ఆ అంకెను కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకుంటారు. అమెరికాలోని మామూలు కారు పాలసీలో అటువంటి అంకె ఉండదు. విలువ నష్టం జరిగిన తర్వాత, కంపెనీ కొనుక్కున్న ధరల నివేదిక ఆధారంగా తేలుతుంది. కాబట్టి అక్కడ బేరం పాలసీ రాసే రోజున కాక క్లెయిమ్ నడిచే రోజుల్లో జరుగుతుంది, దానికి సిద్ధం కాని యజమాని మొదటి అంకెకే తలూపేస్తాడు.

మరమ్మతు అంచనా ఎలా పెరుగుతుందో దగ్గరగా చూస్తే సగం సందేహాలు తీరతాయి. సొట్టలు లెక్కించే మనిషి తెల్లటి వెలుగులో నల్లటి సమాంతర గీతలు కనిపించే పొడవాటి లైటును హుడ్ మీదికి వంచి పెడతాడు. రేకు నునుపుగా ఉన్నచోట గీతల నీడ తిన్నగా సాగుతుంది, సొట్ట ఉన్నచోట వంకరపోయి సుడి తిరుగుతుంది. వేలితో తడిమితే తెలియని గుంట కూడా ఆ గీతల్లో దాగదు. దొరికిన ప్రతి సొట్ట పక్కనా మైనపు పెన్సిల్‌తో చుక్క పెట్టుకుంటూ, ఒక్కో రేకుకు ఎన్ని చుక్కలు వచ్చాయో, అవి డైమ్, నికెల్, క్వార్టర్, హాఫ్ డాలర్ నాణేల్లో దేనికి సరిపోతాయో పట్టికలో రాస్తాడు. ఖరీదు ఆ పట్టిక నుంచే వస్తుంది. అల్యూమినియం రేకైతే దాదాపు 25 శాతం అదనంగా వేయడం వాడుక, ఎందుకంటే ఉక్కులా అది తేలిగ్గా తన ఆకారానికి తిరిగి రాదు. ఆ తర్వాత లోపలి గుడ్డ కప్పు దించి, పొడవాటి ఉక్కు కడ్డీని దూర్చి, వెనక నుంచి రేకును కొంచెం కొంచెంగా నెడుతూ, లైటు గీతలు మళ్లీ తిన్నబడేదాకా పని చేస్తారు. రంగు వేయకుండా సొట్ట తీసే ఈ పద్ధతిలో కారు తయారీ కంపెనీ వేసిన అసలు రంగు అలాగే మిగులుతుంది.

పాత కారు విషయంలో ఈ చవక పద్ధతి తరచుగా అక్కరకు రాదు. ఎండకు పదేళ్లు ఎండిన రంగు కడ్డీ ఒత్తిడికి పగులుతుంది. ఎప్పుడో చిన్న ప్రమాదం జరిగి పుట్టీ పెట్టి రంగు వేయించిన రేకైతే, వెనక నుంచి నెట్టగానే పుట్టీ పెళ్లలు ఊడుతుంది. లోపలి గుడ్డ కప్పును పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసుబారి విరిగిపోతాయి. కడ్డీ దూరే సందు లేని రూఫ్ అంచుల్లోని సొట్టలకు పుట్టీ, రంగు పని తప్పదు. అన్నిటికీ మించి, రూఫ్ మీద సొట్టలు మరీ ఎక్కువైతే అంచనాలో కొత్త రూఫ్ అని రాస్తారు. అప్పుడు ముందు, వెనక అద్దాలు తీయాలి, పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లను విప్పి మళ్లీ బిగించాలి, ఫ్యాక్టరీ వెల్డింగ్ కోసి కొత్త రేకు అతకాలి. పాత కారుకు ఈ పని చేయించడం కన్నా సొట్టల రూఫ్‌తో తిరగడమే మేలని నిస్సంకోచంగా చెప్పవచ్చు. సొట్ట వల్ల నీరు లోపలికి రాదు, సరిగా అతకని అంచు వల్ల వస్తుంది.

ఇంత లెక్కకూ ముందు చూసుకోవలసింది పాలసీలో కాంప్రిహెన్సివ్ కవరేజ్, అంటే వడగళ్ల వంటి వాటి వల్ల సొంత కారుకు కలిగే నష్టాన్ని భరించే భాగం, ఉందా అన్నది. టెక్సాస్ చట్టం తప్పనిసరి చేసిన లయబిలిటీ బీమా ఎదుటివారికి కలిగే నష్టానికే తప్ప సొంత కారుపై పడే వడగళ్లకు వర్తించదు. కారు పాతబడిందని మిగతా కవరేజ్ తీసేసినవారికి క్లెయిమ్ అనే దారే లేదు. పగిలిన అద్దం వేయించుకుని సొట్టలను అలాగే వదిలేయడమే వారికి తెలివైన పని.

కవరేజ్ ఉన్నవారి లెక్కను ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. లక్షన్నర మైళ్లు తిరిగిన ఒక సెడాన్ విలువ 7,200 డాలర్లనీ, మరమ్మతు అంచనా 6,300 అనీ, డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో యజమాని తానే భరించే వాటా) 500 అనీ, వేలంలో ఆ కారుకు 1,500 వస్తుందనీ అనుకుందాం. అంచనా 100 శాతం హద్దు దాటలేదు, కానీ 6,300కు 1,500 కలిపితే 7,800 అవుతుంది కాబట్టి కంపెనీ టోటల్ వైపే మొగ్గుతుంది. కారు అప్పగిస్తే యజమాని చేతికి 6,700 వస్తుంది. అదే స్థాయి కారు మళ్లీ కొనాలంటే 7,200, దాని మీద టెక్సాస్ వాహన అమ్మకపు పన్ను 6.25 శాతం చొప్పున 450, మొత్తం 7,650 కావాలి, టైటిల్, రిజిస్ట్రేషన్ రుసుములు దీనికి అదనం. పరిహారంలో పన్నును, టైటిల్ రుసుమును కలిపారో లేదో అందుకే అడిగి తెలుసుకోవాలి. కలపకపోతే దాదాపు వెయ్యి డాలర్లు జేబులోంచి పెట్టి, ఎవరు ఎలా నడిపారో తెలియని కారును తెచ్చుకున్నట్టవుతుంది.

రెండో దారి కారును తన దగ్గరే ఉంచుకోవడం. అప్పుడు కంపెనీ వేలం ధర 1,500 తగ్గించుకుని 5,200 ఇస్తుంది. పగిలిన ముందు అద్దానికి, వెనక లైటుకు 600 ఖర్చు పెట్టినా 4,600 చేతిలో మిగిలి, నడిచే కారు వాకిట్లో ఉంటుంది. వేరే మాటల్లో చెప్పాలంటే యజమాని తన కారునే 2,100 డాలర్లకు తిరిగి కొనుక్కున్నాడు. ఆ కారు ఇంకో మూడేళ్లు నడిస్తే ఏడాదికి పడేది 700. వేలం ధర అన్నది విడిభాగాల వ్యాపారులు, టోకు కొనుగోలుదారులు పెట్టే ధర. ఆయిల్ ఎప్పుడు మార్చారో, టైర్లు ఎప్పుడు వేయించారో, ఏ శబ్దానికి కారణమేమిటో తెలిసిన మనిషికి ఆ కారు అంతకన్నా ఎక్కువ విలువ చేస్తుంది. కంపెనీ దగ్గర లేనిది, యజమాని దగ్గర ఉన్నది ఈ ఎరుకే. పాత కారు మీద నిర్ణయం తీసుకునేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ బరువు దీనికే ఇవ్వాలి.

అంచనా కొంచెం తగ్గి కంపెనీ టోటల్ చేయలేదనుకుంటే మూడో దారి ఉంది. అప్పు లేని కారైతే, అంచనా మొత్తం నుంచి డిడక్టిబుల్ తీసేసి మిగిలినది డబ్బు రూపంలో తీసుకుని, బాగు చేయించడం మానుకోవచ్చు. మరమ్మతు అంచనా 5,400 అయితే 4,900 వస్తుంది, టోటల్ అన్న మచ్చ కారు చరిత్రకు అంటదు. నిజంగా బాగు చేయించదలచుకుంటే షెడ్డు ఎంపిక యజమానిదే, ఫలానా చోటే చేయించాలని టెక్సాస్‌లో బీమా కంపెనీ బలవంతపెట్టరాదు. వడగళ్ల తర్వాత పార్కింగ్ స్థలాల్లో గుడారాలు వేసి పని చేసే సంచార బృందాల్లో నేర్పున్నవారు ఉంటారు, కానీ హామీ కాగితం పట్టుకుని ఆరు నెలల తర్వాత వెళితే ఆ గుడారం అక్కడ ఉండదు.

కంపెనీ చెప్పిన విలువను చదవకుండా ఒప్పుకోవడం పెద్ద పొరపాటు. ధరల నివేదికను అడిగి తెప్పించుకుంటే, ఏ కార్లతో పోల్చారో, వాటి మైళ్లెన్నో, ఈ కారు స్థితికి ఎంత కోత పెట్టారో అందులో ఉంటుంది. తోలు సీట్లు, సన్‌రూఫ్, పెద్ద ఇంజన్ ఉన్న మోడల్‌ను అడుగు మోడల్‌గా రాయడం అరుదేమీ కాదు. మూడు వందల మైళ్ల దూరంలోని కారుతో పోల్చినా ప్రశ్నించవచ్చు. తన ప్రాంతంలో అదే ఏడాది, అదే మోడల్, దగ్గరి మైళ్లతో అమ్మకానికి ఉన్న నాలుగైదు కార్ల ప్రకటనలు, కొత్త టైర్లకో టైమింగ్ బెల్టుకో పెట్టిన ఖర్చు రసీదులు జతచేసి రాస్తే అంకె కదిలే అవకాశం ఉంది. ఆయిల్ మార్పిడి రసీదులు విలువను పెంచవు, కానీ స్థితి పేరుతో పెట్టిన కోతను తగ్గించడానికి పనికొస్తాయి. అప్పటికీ తేలకపోతే, పాలసీలో అప్రైజల్ నిబంధన ఉంటే ఇరుపక్షాలూ చెరొక మదింపుదారును పెట్టుకోవచ్చు. మదింపుదారు రుసుము సొంతంగా భరించాలి కాబట్టి, తేడా రెండు మూడు వందలైతే ఆ దారి పట్టడం దండగ.

కారును ఉంచుకోవడంలో నష్టాలు లేకపోలేదు. వచ్చే వసంతంలో మళ్లీ వడగళ్లు పడితే, పాత సొట్టల విలువను తీసేశాకే పరిహారం లెక్కిస్తారు, అసలు కాంప్రిహెన్సివ్ కవరేజ్ కొనసాగిస్తారా అన్నది కూడా కంపెనీని అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. కవరేజ్‌కు కట్టే ప్రీమియం ఇక మీదట వచ్చే పరిహారానికి తగినట్టుగా ఉండదనిపిస్తే, దాన్ని తీసేసి ఆ డబ్బు మిగుల్చుకోవడమే సబబు. కారు మీద అప్పు మిగిలి ఉంటే చెక్కు మొదట అప్పిచ్చిన సంస్థకు చేరుతుంది, కారు ఉంచుకోవడానికి ఆ సంస్థ ఒప్పుకోకపోవచ్చు. ఏడాది లోపల అమ్మేయాలనుకునేవారికి కూడా ఈ దారి అంతగా కలిసిరాదు, ఎందుకంటే సొట్టల కారు కొనేవారు తక్కువ, వచ్చినవారు అడిగే ధర ఇంకా తక్కువ.

ఉంచుకునేటప్పుడు వదిలేయదగిన దెబ్బకూ వదిలేయకూడని దెబ్బకూ తేడా తెలియాలి. రంగు చెక్కుచెదరని సొట్ట అందానికి లోపమే తప్ప తుప్పుకు మూలం కాదు. రంగు పగిలి లోహం కనిపించిన చోట మాత్రం శుభ్రం చేసి టచప్ వేయించాలి. ముందు అద్దంలో డ్రైవర్ చూపుకు అడ్డొచ్చే పగులు, వెనక లైటు మూతలోని చీలిక, సన్‌రూఫ్ అంచున నీరు కారే చోటు వెంటనే చూసుకోవలసినవి. ట్రంక్‌లో స్పేర్ టైరు గుంటను ఒకసారి చేత్తో తడిమి చూడడం మంచిది, పగిలిన లైటు గుండా దిగిన నీరు వారాల తరబడి అక్కడే నిలిచి, వాసనతోనో కరెంటు వైర్ల ఇబ్బందితోనో ఆలస్యంగా బయటపడుతుంది.

చివరికి త్రాసు ముల్లును తిప్పేది సొట్టల సంఖ్య కాదు, హుడ్ కింద ఉన్నది. గేరు మారేటప్పుడు తడబడే ట్రాన్స్‌మిషన్, ఆయిల్ తాగే ఇంజన్, త్వరలో మార్చక తప్పని సస్పెన్షన్ ఉన్న కారుకు వడగళ్ల క్లెయిమ్ మంచి ధరకు వదిలించుకునే అవకాశం. ఆ లోపాలతో ఆ కారును బయట అమ్మితే కంపెనీ ఇచ్చేంత రాదు. టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాడకపు కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేసినా, డల్లాస్, కాలిన్, డెంటన్, టారంట్ వంటి 17 కౌంటీల్లో పొగ పరీక్ష కొనసాగుతోంది. చెక్ ఇంజన్ లైటు వెలుగుతూ ఉన్న కారుకు ఆ పరీక్ష గట్టెక్కించే ఖర్చునూ ఉంచుకునే లెక్కలో కలపాలి. కంపెనీకి జవాబు చెప్పే ముందు నమ్మకమైన మెకానిక్ దగ్గర కారును పూర్తిగా పరీక్ష చేయించడానికి పెట్టే ఖర్చు, వేల డాలర్ల తేడా ఉన్న ఈ నిర్ణయంలో చాలా చిన్నది.

ఈ పనులన్నిటికీ దొరికే గడువు తక్కువ. టోటల్ అని తేల్చాక కంపెనీ కారును వేలం యార్డుకు తరలించాలని తొందరపడుతుంది, అద్దె కారు కవరేజ్ ఉన్నా అది ఆఫర్ ఇచ్చిన కొద్ది రోజులకే ఆగిపోవచ్చు. ఉంచుకునే ఆలోచన ఉన్నవారు ఆ మాటను మొదటి ఫోన్‌లోనే అడ్జస్టర్‌కు (కంపెనీ తరఫున క్లెయిమ్ చూసే మనిషికి) చెప్పి, వేలం ధర ఎంత కోస్తారో, టైటిల్ ఏ పేరుతో ఉంటుందో ఈమెయిల్‌లో రాయించుకోవాలి. టో ట్రక్కు కారును ఎత్తుకెళ్లి, సంతకం చేసిన టైటిల్ కంపెనీ చేతికి చేరాక, మనసు మార్చుకునే వీలు ఇక ఉండదు.